ఎంగిలి కుండ

జనవరి 12

ఇవాళ నా కోడలు థోవా పంది మాంసాన్ని ప్రెషర్ కుక్కర్‌లో పెట్టింది. అరగంటలో అయిపోతుందని ఫోన్‌లో ఎవడో కుర్రాడు చెప్పాడట. లేత కొబ్బరి నీళ్ళకు బదులు సోడా పోసింది. సీసాలో అమ్మే తీపి సోడా! కుక్కర్ బుసలు కొడుతుంటే తను కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంది. మూత తీశాక చూశాను, ముక్కలు తడిపిన దూదిలా ఉన్నాయి. నా కొడుకు లువాన్ రెండు గిన్నెల అన్నం లాగించి బ్రహ్మాండం అన్నాడు. పెళ్ళాం రాళ్ళు ఉడకేసి పెట్టినా వాడికి మెత్తగానే ఉంటాయి.

గిన్నెలు కడుగుతూ మెల్లగా అడిగింది. అత్తయ్యా, ఈ ఏడు తెత్ పండక్కి మాంసం కుండ నేను పెట్టనా, మీరు పక్కన కూర్చుని చెబుదురు గాని, అని. ఎంత ధైర్యం. ఉత్తరాది పిల్ల. వాళ్ళ ఊళ్ళో మాంసాన్ని ఉప్పులో, మిరియాల్లో మాడ్చి, మేం కుండలో వండే థిత్‌ఖో పేరే దానికీ పెడతారు. అందులో బాతు గుడ్డు ఉండదు, కొబ్బరి నీళ్ళుండవు, కొత్త సంవత్సరం పూట పోయిన పెద్దల ముందు అలాంటి నల్లటి బొగ్గు పెట్టుకుని దండం పెట్టుకుంటారు కాబోలు.

నేను పోయాక పెట్టుకో అన్నాను.

సరే అత్తయ్యా అంది. ఎదురు చెప్పినా బాగుండేది. ఆ సరే వింటే ఒళ్ళు మండిపోతుంది నాకు.

జనవరి 13

పొద్దున లేచేసరికి నా గరిటెలన్నీ వేరే డబ్బాలో ఉన్నాయి. సర్దిందట.

జనవరి 15

ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాకు వాసన తెలియడం లేదు.

అక్టోబర్‌లో కరోనా వచ్చినప్పుడు పోయింది. వీధిలో అందరికీ పోయింది, అందరికీ నెలలోపు తిరిగొచ్చింది. నాది రాలేదు. రుచి కూడా పోయినట్టే. నాలుక మీద ఉప్పు పడిందనో తీపి పడిందనో తెలుస్తుంది, ఎంత పడిందో తెలియదు. నిన్న ఫిష్ సాస్ సీసా మూత తీసి ముక్కు లోపలికి దూర్చినంత పని చేశాను. మంచినీళ్ళ సీసాకీ దానికీ తేడా లేదు.

మా ఇంట్లో పెద్దలకు పెట్టే కుండను ముందుగా ఎవరూ రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. ఇది మా అత్తగారు పెట్టిన నియమం. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ నన్ను పొయ్యి ముందు నిలబెట్టి, ముక్కు లేదా నీకు, ముక్కు లేదా, అని వీపు మీద చరిచేది. తర్వాత ఆవిడే ఊరంతా చెప్పుకుంది, మా చిన్న కోడలి ముక్కు ముందు ఎవరి నాలుకా పనికిరాదని. సాదెక్ బజార్లో అన్నం కొట్టు నడిపినన్నాళ్ళూ నేను గరిటె నోట్లో పెట్టి ఎరగను. గరిటె నాకి చూసే వంటవాళ్ళను చూస్తే ఇప్పటికీ అసహ్యం.

ఈ సంగతి బయటపడితే కుండ నా చేతిలోంచి పోతుంది. కుండ పోయాక ఈ ఇంట్లో నేనెవరు? కూర్చోబెట్టి అన్నం పెట్టే ముసలిదాన్ని. అరవై నాలుగేళ్ళకే.

జనవరి 18

న్యాన్ వదిన ఫోన్ చేసింది. మా ఆయనకు అక్క. మా ఆయన పోయినా ఆవిడ పెత్తనం పోలేదు. ఈసారి పెద్దల్ని ఇంటికి పిలిచే రోజుకు ముందే వచ్చి వారం ఉంటుందట. మోకాళ్ళ నొప్పులట, కొడుకు కొత్త కారు కొన్నాడట, కానీ తను బస్సులోనే వస్తుందట. ఎందుకో నాకు తెలుసు. కారులో దింపమంటే ఆ కోడలు మొహం మాడ్చుకుంటుంది.

చివరికి అసలు మాటకొచ్చింది. మియెన్, నీ తర్వాత మా అమ్మ కుండ ఎవరు పెడతారే, ఆ ఉత్తరాది దానికి అప్పగిస్తావా ఏంటి, అంది. నేను బతికే ఉన్నాను వదినా అన్నాను. ఉన్నావులే, ఎన్నాళ్ళుంటావని, అంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి నన్ను అడుగుతోంది!

అయినా ఒకటి మాత్రం నిజం. చుట్టాల్లో వంట గురించి ఆవిడ మాటే చెల్లుతుంది. ఆవిడ ఈ ఏడు కుండ తిని పెదవి విరిస్తే, పండగ దాటకముందే ఊరూరా తెలిసిపోతుంది.

జనవరి 21

నా కూరల్లో ఎవరో చెయ్యి పెడుతున్నారు.

పులుసు దించి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ఫిష్ సాస్ సీసా పొయ్యికి ఎడమ పక్కన ఉంది. నేను ఎప్పుడూ కుడి పక్కనే పెడతాను. నిన్నా అంతే. అంటే నా వెనకాల మహారాణిగారు కలిపేసి, ఏమీ ఎరగనట్టు బల్ల దగ్గర కూర్చుంటోందన్న మాట. దానికి ఉప్పంటే పిచ్చి. ఉత్తరాది నాలుక.

రేపు పట్టుకుంటాను.

జనవరి 22

పట్టుకోలేకపోయాను. నేను తలుపు వెనక నుంచుంటే అది వచ్చి, అత్తయ్యా అక్కడ చీకట్లో ఎందుకు నిలబడ్డారు, దోమలుంటాయి, అంది.

జనవరి 25

వంటింటి దేవుళ్ళను పైకి పంపే రోజు. తీపి పెసర పాయసం వండాను. దేవుళ్ళు వెళ్ళి మన ఇంటి సంగతులన్నీ పైన చెబుతారంటారు, అందుకే నోరు తీపి చేసి పంపడం. పాయసం దించి అగరొత్తుల కోసం ముందు గదిలోకి వెళ్ళి వచ్చేసరికి థోవా చెంచాతో పాయసం నోట్లో పెట్టుకుంటోంది. నైవేద్యం కాకముందే!

నా అరుపుకు పక్కింటి కుక్క కూడా మొరిగింది. నీకు సిగ్గు లేదా, మీ అమ్మ ఇదేనా నేర్పింది, దేవుడికి నీ ఎంగిలి పెడతావా, అన్నాను. ఇంకా చాలా అన్నాను. అది చెంచా పట్టుకుని నిలబడింది. తప్పయింది అత్తయ్యా అంది. ఎందుకు చేశావే అంటే చెప్పదు. ఆకలేసిందా అంటే తల ఊపింది. అబద్ధం, అప్పుడే తిన్న గిన్నె ఇంకా తడి ఆరలేదు.

పాయసం పారబోసి మళ్ళీ వండాను. దేవుళ్ళు ఈ ఇంటి గురించి ఏం చెప్పుకుంటారో నాకు అక్కర్లేదు. ఆ పిల్ల గురించి చెబితే చాలు.

జనవరి 28

మాంసం కొనడానికి తెల్లారకుండానే బజారుకు వెళ్ళాను. ఎప్పుడూ కొనే తా అనే ఆవిడ దగ్గరే. మాంసం ముక్క ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను, ఎప్పుడూ చేసినట్టే. నా చుట్టూ నలుగురు ఆడవాళ్ళు నా మొహం కేసి చూస్తున్నారు, నేను తీసుకుంటే తామూ తీసుకుందామని. వీళ్ళకు ఇన్నేళ్ళొచ్చినా మాంసం ఎంచడం రాదు. ఊరికే ఊపిరి పీల్చి వదిలి, ఇది తాజా అన్నాను. నలుగురూ ఎగబడి కొన్నారు.

తా నవ్వింది. అమ్మా, నువ్వు రోజూ వచ్చి నా దుకాణం ముందు ఒక్కసారి ముక్కు పెట్టి పోతే చాలు, అంది. చెవులు వేడెక్కాయి నాకు. మాంసం మంచిదేనని రంగు చూస్తే తెలుస్తోంది, వేలితో నొక్కితే తెలుస్తోంది, కొవ్వూ కండా పొరలు పొరలుగా ఉంది. మంచిదే అయ్యుంటుంది.

జనవరి 30, మధ్యాహ్నం నాలుగు

ఈ సంగతి రాయకుండా ఉండలేను.

వదిన చెప్పిన వేళకంటే ముందే, పొద్దున బస్సుకే దిగింది. అప్పటికి థోవా కాయలు కొట్టి లేత కొబ్బరి నీళ్ళు బకెట్టులో పట్టి పెట్టి, మా పూల తోటకు పోయింది. లువాన్ చామంతి కుండీలు పడవకెక్కించి పైఊరు పోయాడు, తోటలో అమ్మకానికి మనిషి కావాలి. నేను పొయ్యి వెలిగించాల్సింది. వెలిగించనిస్తేగా ఆ మహాతల్లి! కాళ్ళకు వేడినీళ్ళు కావాలి. పక్క మార్చమంది, దిండు మార్చమంది. కొడుకు కారు గురించి మొదలుపెట్టి కోడలి తిట్ల దాకా మొత్తం వినిపించింది. నేను వంటింట్లోకి వస్తే కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చుంది, నొప్పుల నూనె ముక్కు కింద పూసుకుని. అమ్మ ఇలా చేసేది, అమ్మ అలా కోసేది. అమ్మ ఆవిడకు ఒక్క కూరా నేర్పలేదు, అది మాత్రం చెప్పదు.

చివరికి మాంసం వేగాక బకెట్టు ఎత్తాను. అప్పుడే తోట నుంచి వచ్చింది థోవా. గడపలోనే ఆగిపోయింది. అత్తయ్యా, ఆ నీళ్ళు... అంది. ఏం, మీ ఊళ్ళో కొబ్బరి చెట్లున్నాయా, నాకు చెబుతున్నావ్, అన్నాను. వదిన కిసుక్కున నవ్వింది. అంతే, నేను పట్టుకుంటానత్తయ్యా బరువుగా ఉంది, అంటూ వచ్చి బకెట్టు అందుకుంది. మరుక్షణం బకెట్టు నేల మీద ఉంది. నీళ్ళన్నీ వంటింటి నిండా పారాయి. వదిన చెప్పులు తేలాయి.

వదిన అన్న మాటలు రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. దున్నపోతు అంది, దరిద్రం అంది, పండగ పూట కుండ తన్నిన కోడలు ఉన్న ఇల్లు బాగుపడదంది. నేనూ ఊరుకోలేదు. ఆరేళ్ళయింది ఇంటికొచ్చి, ఒక్క పనీ చేతకాదు నీకు, అన్నాను. థోవా చీపురు తెచ్చి నీళ్ళు తోసింది. తప్పయింది పెద్దత్తయ్యా, తప్పయింది అత్తయ్యా. మళ్ళీ కాయలు తెస్తానని బండి తీసుకుని పోయింది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం కాయలెక్కడ దొరుకుతాయి, దాని మొహం.

జనవరి 30, రాత్రి

కాయలు తెచ్చింది. కుండ పొయ్యి మీద ఉంది. సన్న మంట, మూత లేదు, నురగ తీస్తూ కూర్చున్నాను.

బకెట్టు కడుగుదామని తీశాను ఇందాక. అడుగున కాస్త నీళ్ళు మిగిలాయి. తెల్లటి సన్న నురగ, బుడగలు పైకి వస్తున్నాయి. నాకు ముక్కు పోయింది గాని కళ్ళు పోలేదు. ఆ నురగ నాకు తెలుసు. పొద్దున్నుంచి రేకుల కింద ఉడికి నీళ్ళు పులిసిపోయాయి. గుమ్మం దాకా కొట్టి ఉంటుంది కంపు. వదిన ముక్కుకు నొప్పుల నూనె అడ్డం, నాకు ముక్కే లేదు. ఆ నీళ్ళు పడి ఉంటే కుండంతా పులిసి, పాసిపోయిన కూడు పెద్దల ముందు పెట్టేవాళ్ళం. మా ఆయన ఫోటో ముందు.

దాని కాలు జారలేదు. తడి గట్ల మీద చేతికో కుండీ మోసుకుని పరిగెత్తే పిల్ల అది. బకెట్టు చేతిలోంచి జారుతుందా?

అయితే దానికి తెలుసు. ఎప్పటి నుంచి?

జనవరి 31, పొద్దున ఆరు

చంద్రుడి లెక్కన ఈ ఏడు ఆఖరి నెలకు ముప్ఫయ్యో రోజు లేదు, ఇవాళే పెద్దల్ని పిలిచే రోజు. వదిన గుర్రు పెడుతుండగానే థోవాను వంటింట్లోకి పిలిచి తలుపు వేశాను.

ఎప్పటి నుంచి తెలుసే, అన్నాను. దేని గురించి అత్తయ్యా అని నాటకం ఆడలేదు, అందుకు మాత్రం మెచ్చుకోవాలి. నవంబర్ నుంచి అంది. బియ్యం డబ్బా వెనక ఎలక చచ్చిందత్తయ్యా, ఇల్లంతా లేచిపోయే కంపు, మీరు ఆ డబ్బాకు ఆనుకుని కూర్చుని బీన్స్ ఒలుచుకుంటున్నారు, పాట కూడా పాడుతున్నారు, అంది. తల కొట్టేసినట్టయింది నాకు. ఎలక పక్కన కూర్చుని పాట పాడానా! ఆ రోజు నుంచీ నేను దించిన ప్రతి కూరా రుచి చూసి సరిచేస్తోందట. పాయసంలో నేను కొబ్బరి పాలు పాడైపోయినవి పోశానట. అందుకే ఆ రోజు చెంచా.

మరి చెప్పొచ్చుగా, నోరు లేదా, అన్నాను. చెబితే మీరు బతకనిచ్చేవారా, అంది. మొదటిసారి ఎదురు చెప్పింది. నిజమే చెప్పింది.

జాలి పడుతున్నావా నా మీద, అన్నాను. లేదత్తయ్యా, భయం, అంది. అది నయం. నా మీద జాలి పడే వాళ్ళ చేతి నీళ్ళు కూడా నేను తాగను.

గరిటెతో కాస్త పులుసు తీసి చిన్న గిన్నెలో పోసి దాని ముందు పెట్టాను. తాగు అన్నాను. బిక్కచచ్చిపోయింది. పెద్దలకు పెట్టలేదు కదత్తయ్యా, ఎంగిలవుతుంది కదా, అంది. నా నియమం నాకే చెబుతోంది! తాగవే, అన్నాను. తాగింది. ఉప్పు చాల్లేదంది.

నాకు నమ్మకం కుదరలేదు. ఉత్తరాది నాలుక, దానికి సముద్రం తాగించినా ఉప్పు చాలదు. నీకు బాగుండాలని అడగడం లేదే, ఆరేళ్ళు నా చేతి కుండ తిన్నావు కదా, ఆ రుచి ఉందా లేదా, అది చెప్పు, అన్నాను. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తాగింది. మీ కుండలో తీపి ముందు తెలిసి ఉప్పు తర్వాత తెలుస్తుందత్తయ్యా, ఇందులో తీపితోనే ఆగిపోతోంది, అంది.

ఇన్నేళ్ళు వండాను, నా కుండ గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు కూడా. సోడా పోసి మాంసం వండే ఈ పిల్ల నోట్లో నా రుచి ఉంది, నా దగ్గర లేదు. ఏడుపొచ్చింది. పొగ అన్నాను.

రెండు చెంచాల ఫిష్ సాస్ పోశాను. తాగింది. ఇంకొకటి. తాగింది. ఇదే అత్తయ్యా, అంది.

మధ్యాహ్నం

పెద్దల ముందు పెట్టాం. అన్నం, పుల్లటి మొలకల ఊరగాయ, కాకర పులుసు, మధ్యలో కుండలోంచి తీసిన గిన్నె. గుడ్లు తేనె రంగులోకి వచ్చాయి. మా ఆయన ఫోటో ముందు దండం పెట్టుకుని, ఎంగిలే పెడుతున్నాను, నచ్చకపోతే కల్లోకి వచ్చి తిట్టు, అన్నాను మనసులో. అగరొత్తులు కాలిపోయాక కిందకు దించి భోజనాలకు కూర్చున్నాం. లువాన్ కూడా అప్పటికి ఇల్లు చేరాడు.

వదిన మొదటి ముక్క తిని చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అమ్మ చేతి రుచి, అచ్చం అమ్మ చేతి రుచి, అంది. మూడు గిన్నెల అన్నం తింది. మోకాళ్ళ నొప్పులకు ఆకలి ఎక్కువ కాబోలు. తర్వాత లువాన్ వైపు తిరిగి మొదలుపెట్టింది. నీ పెళ్ళాన్ని ఈ కుండ దరిదాపులకు రానివ్వకురా, నిన్న చూశాను దాని సంబడం, మియెన్ బతికున్నన్నాళ్ళూ ఇది మియెన్ కుండే, చుట్టాలందరికీ నేనే చెబుతాను, అంది.

నేను కోరుకున్నది అదే. ఒక్క మాట కూడా తేడా లేదు. థోవా తల వంచుకుని బత్తాయి ఒలుస్తోంది. తొక్క తీయడం అయిపోయినా ఇంకా పీకుతూనే ఉంది. నోరు విప్పదు. విప్పదని నాకు తెలుసు, ఇలాగే ఏళ్ళ తరబడి నా వెనకాల కూరలు సరిచేస్తూ, నా తిట్లు తింటూ ఉండిపోతుంది. ఆ కుండ మీద కూర్చుని రాణిలా బతకొచ్చు నేను. నా మీద నాకే అసహ్యం వేసింది. వదినను చూస్తే ఎంత వేస్తుందో అంత.

వదినా, నిన్న నీళ్ళు పులిసిపోయాయి, అన్నాను. ఈ పిల్ల కావాలనే ఒలకబోసింది. నాకు తెలియలేదు, అక్టోబర్ నుంచి నాకు వాసన లేదు. నువ్వు అమ్మ రుచి అన్నది ఈ పిల్ల పొద్దున గరిటెతో తాగి చూసి చెప్పిన ఉప్పు.

వదిన నోట్లో అప్పుడు సగం గుడ్డు ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే కూర్చుంది. బుగ్గ ఉబ్బి, కళ్ళు పైకి పోయి. జన్మలో ఆ మొహం మర్చిపోను. లువాన్, అమ్మా నిజమా, డాక్టరు దగ్గరికి పోదాం, అని ఒకటే గోల. నోర్మూసుకుని తినరా అన్నాను.

చివరికి వదిన మింగింది. పెద్దలకు ఎంగిలి పెట్టావా మియెన్, అంది. పెట్టాను అన్నాను. అయితే ఇక కుండ నీది కాదు, అంది. కాదు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. వచ్చాక బల్ల అంచు పట్టుకున్నాను.

వదిన లేచి వెళ్ళి క్షమించమని మూడు అగరొత్తులు వెలిగించింది. తిరిగొచ్చి మిగిలిన సగం గుడ్డు తినేసింది.

థోవా అత్తయ్యా అంటూ ఏడవబోయింది. గిన్నెలు ఎవరు కడుగుతారు, మీ అమ్మ వస్తుందా, అన్నాను.

ఫిబ్రవరి 3

పొద్దున మిగిలిన కుండ మళ్ళీ కాచింది థోవా. ఉప్పు తక్కువైందన్నాను. సరిపోయిందత్తయ్యా అంది, వెయ్యలేదు.

తిన్నాను.